వినలేకపోయింది మేమే

నేలకొండపల్లిలో ఏదైనా కచేరీ రక్తి కట్టకపోతే మర్నాడు పొద్దున హోటల్ దగ్గర చెప్పుకోవడానికి మాకు కారణాలు సిద్ధంగా ఉంటాయి. మైకు సెట్ బాగాలేదు. పాడినామెకు జలుబు చేసింది. మృదంగం మోతలో పాట వినపడలేదు. హైదరాబాద్ నుంచి రావాల్సినాయన ఆలస్యంగా వచ్చాడు, వచ్చీ మనసు పెట్టి పాడలేదు. ఇందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. కానీ ఏళ్ల తరబడి మా ఊళ్లోనూ, ఖమ్మంలోనూ, భద్రాచలంలోనూ పందిళ్ల కింద కూర్చుంటూ వచ్చినవాణ్ని కాబట్టి ఈ మాట చెప్పక తప్పదు. ఆ కచేరీల్లో చాలావాటిని చెడగొట్టింది మేమే. వినడానికని వచ్చి వినకుండా కూర్చున్న మేం, పాటను పిలిచి ఉపన్యాసానికి పీట వేసిన మేం.

ఈ తప్పు మరో ఊళ్లో జరిగితే ఇంత బాధపడక్కర్లేదు. ఇది రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. లింగన్న, కామాంబల కొడుకు. గోల్కొండలో అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రాంగం నడిపిన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా వెళ్లి, శిస్తు సొమ్ముతో భద్రగిరి మీద రాముడికి గుడి కట్టించి, అందుకు గోల్కొండ ఖిల్లాలో పన్నెండేళ్లు ఖైదు అనుభవించాడన్న కథ మా పిల్లలకు బళ్లో చెప్పకముందే తెలుసు. ఖిల్లా చూడ్డానికి వెళ్లిన మా ఊరివాళ్లు ముందు అడిగేది రామదాసు బందీఖానా ఎక్కడని. రామదాసు పోయిన తర్వాత దాదాపు శతాబ్దానికి పుట్టిన త్యాగరాజు, ఎక్కడో కావేరి ఒడ్డున కూర్చుని, ఈ చెరసాల కథను తన కీర్తనలో తలుచుకున్నాడు.

అంతకన్నా పాతదైన నమ్మకం ఒకటుంది మాకు. ఊరి పక్కనున్న పాత దిబ్బను విరాటరాజు గద్దె అంటాం, దగ్గర్లోని గుంటను కీచకగుండం అంటాం. ముజ్జుగూడెం దగ్గర తవ్వకాల్లో పెద్ద బౌద్ధస్తూపం బయటపడింది, చరిత్రకారులు చెప్పేది వేరు. అయినా ఊరి మనసులో ఇది విరాటుడి పట్నమే. అంటే అర్జునుడు బృహన్నలగా మారి ఉత్తరకు ఆటా పాటా నేర్పింది ఇక్కడేనని మా గొప్ప. వానలు పడకపోతే విరాటపర్వం చదివించి, ఊరంతా కూర్చుని విన్న తరాలు ఇక్కడుండేవి. రాత్రంతా తిక్కన పద్యాలు విన్న ఊరు ఇవాళ ఒక గంటసేపు రామదాసు కీర్తన వినలేకపోతోంది.

మా కార్యక్రమం ఎలా నడుస్తుందో చెబుతాను. ఆహ్వానపత్రికలో సాయంత్రం ఆరున్నర అని వేస్తాం. ఎంత దూరం నుంచి వచ్చినా కళాకారులు ఆ వేళకు వచ్చేస్తారు. వాళ్లను వేదిక వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి టీ ఇస్తాం. ముఖ్య అతిథి ఇంకా బయల్దేరలేదని ఫోన్ వస్తుంది. ఆయన వచ్చేదాకా దీపం వెలిగించకూడదు, దీపం వెలగందే పాట మొదలుకాకూడదు. ఎనిమిదికి ఆయన వస్తారు. దండలు, శాలువాలు, జ్ఞాపికలు. దాతల పేర్లు చదవడం. ఒక పేరు తప్పిపోయిందని చీటీ వస్తే మళ్లీ మొదటి నుంచి చదవడం. రామదాసు గొప్పతనం గురించి వేదిక మీదున్న ప్రతి ఒక్కరూ మాట్లాడటం, అందరూ అదే కథ చెప్పడం.

అలాంటి ఒక రాత్రి వేదిక వెనక ఒక మృదంగం విద్వాంసుణ్ని చూశాను. మృదంగం ఎడమ మూతకు తడిపిన బొంబాయిరవ్వ ముద్ద అద్దుతారు. ఆ తడి వల్లే ఆ నాదానికి లోతు వస్తుంది. ఎండిపోతే పోతుంది. ఆయన పత్రికలో వేసిన వేళకు సరిగ్గా రవ్వ అద్దుకుని, రాయితో అంచుల మీద తడుతూ శ్రుతి చూసుకుని తయారయ్యాడు. ఉపన్యాసాలు నడుస్తున్నాయి. రవ్వ ఎండి పెళుసుబారింది. గోటితో గీకి తీసేసి, సీసాలో నీళ్లు చల్లి, మళ్లీ ముద్ద చేసి అద్దుకున్నాడు. అదీ ఎండింది. అప్పుడు ఒడిలో వాద్యం పెట్టుకుని, దాని మీద గుడ్డ కప్పి, చేతులు ముడుచుకుని కూర్చుండిపోయాడు. ఆయన ఒక్క మాట అనలేదు. అక్కడే తిరుగుతున్న మాలో కూడా ఎవరమూ ఏమీ అనలేదు. మంచినీళ్ల సీసాలు లెక్కపెట్టుకుంటూ, ఫొటోలు తీసేవాడు వచ్చాడో లేదో చూసుకుంటూ ఉన్నాం.

తీరా తొమ్మిదిన్నరకు గాయని వేదికెక్కేసరికి ముఖ్య అతిథి లేచారు. ఆయనతో ముందు వరసలు లేచాయి. ముందు వరసలు లేచాక వెనక వరసలు భోజనాల వైపు కదిలాయి. ఆమె ఆలాపన ఎత్తుకుంది. కుర్చీలు ఈడ్చుకుంటున్న చప్పుడు, పిల్లల కేకలు, వడ్డన దగ్గర గరిటెల మోత. మా కమిటీలోని ఒకాయన వేదిక పక్కకు వెళ్లి, చేయి ఊపి, ‘‘రెండు కీర్తనలు పాడి ముగించండమ్మా, అన్నాలు చల్లారుతున్నాయి’’ అన్నాడు. ఆయన్ని ఆపాల్సిన వాళ్లం ఆ పక్కనే ఉన్నాం. మాకు కూడా ఆకలేస్తోంది.

ఆమె రెండు కీర్తనలు పాడింది. బాగా పాడలేదు. గొంతు బిగుసుకుపోయింది, రెండో చరణంలో తాళం వైపు రెండుసార్లు చూసుకుంది. మర్నాడు హోటల్ దగ్గర మేం అన్నమాట: ‘‘పేరు గొప్ప గానీ పాట ఏమంత లేదు.’’

1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, బంగ్లాదేశ్ శరణార్థుల సహాయం కోసం పెద్ద కచేరీ జరిగింది. రవిశంకర్ సితార్, అలీ అక్బర్ ఖాన్ సరోద్, అల్లా రఖా తబలా. వాళ్లు వాద్యాలు శ్రుతి చేసుకుంటుంటే అదే కచేరీ అనుకుని వేలమంది నిశ్శబ్దంగా విని, ఆగగానే చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే అసలు కచేరీ ఇంకా నచ్చుతుందనుకుంటానని రవిశంకర్ మెత్తగా అన్నారు. ఈ సంగతి చెప్పుకుని మనవాళ్లు ఇప్పటికీ నవ్వుతుంటారు. నాకు నవ్వు రాదు. ఆ కుర్రకారుకు మన సంగీతం తెలియదు, కానీ తెలియని దాని ముందు ఎలా కూర్చోవాలో తెలుసు. తీగ బిగించే చప్పుణ్ని కూడా పాటంత శ్రద్ధగా విన్నారు. మా పందిట్లో శ్రుతి చేసుకునే సమయం అంటే దాతల పేర్లు చదవడానికి దొరికిన ఖాళీ.

మా ఊరివాళ్లకు సంగీతం తెలియదు, అందుకే వినరు అని కొందరు పట్నం పెద్దమనుషులు అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. రామదాసు పాటలు ఇవాళ బతికి ఉన్నాయంటే సంగీతం చదువుకోని వాళ్ల చెవులవల్లే. తాళ్లపాకవారి పాటలు రాగిరేకుల మీదికెక్కాయి. తిరుమల కొండ మీద భద్రంగా ఉండి ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ వెలుగు చూశాయి. త్యాగరాజుకు శిష్యులున్నారు. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ లాంటివాళ్లు గురువు కృతుల్ని రాసి దాచారు. రామదాసుకు రాగిరేకులు లేవు, చెప్పుకోదగ్గ శిష్యపరంపర లేదు. ఆయన ఏ కీర్తనను ఏ వరుసలో పాడుకున్నాడో ఇవాళ ఎవరూ రూఢిగా చెప్పలేరు. అయినా నూరుకు పైగా కీర్తనలు మన దాకా వచ్చాయి. భజన గోష్ఠుల్లో ఒకరి నోటి నుంచి ఒకరి చెవికి, ఆ చెవి నుంచి మళ్లీ నోటికి. పంతొమ్మిదో శతాబ్దంలో గుంటూరు నుంచి భద్రాచలం చేరి ఆలయ సేవల్ని చక్కబెట్టిన తూము నరసింహదాసు లాంటి భాగవతులు ఆ గోష్ఠికి పెద్దలు. పేర్లు మిగలని రైతులు, చేతిపనివాళ్లు, ఇళ్లల్లో వడ్లు దంచుతూ పాడుకున్న ఆడవాళ్లు మిగతా గోష్ఠి.

ఆ గోష్ఠి చివరి కొసను నేను చూశాను. ఏకాదశి రాత్రుల్లో పొలం పని, బెల్లం గానుగల దగ్గర పని ముగించుకుని, కాళ్లు కడుక్కుని వచ్చి భజన అరుగు మీద కూర్చునేవాళ్లు. ఒక హార్మోనియం, దాని రెండు మెట్లు పలికేవి కావు. ఒక మద్దెల. చిడతలు, తాళాలు. ముందు కూర్చున్న పెద్దాయన పల్లవి ఎత్తుకునేవాడు, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. ఆయన ఒక్కో చరణాన్ని ఒక్కోసారి ఒక్కో తీరున తిప్పేవాడు. ఒకచోట సాగదీసేవాడు, ఒకచోట మాటను రెండుగా విరిచేవాడు. దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి అనాలంటే చెవులు రిక్కించి వినాలి. పక్కవాడితో మాట్లాడితే చరణం జారిపోతుంది. చరణం జారిన కుర్రాడి వైపు ఆయన చిడతలు ఆపకుండానే ఒక చూపు చూసేవాడు. అది చాలు, ఆ రాత్రికి వాడు మళ్లీ దిక్కులు చూసేవాడు కాదు.

అక్కడ శ్రోత అంటూ వేరే మనిషి లేడు. పాడబోయేవాడే వినేవాడు. వినడం అనే పని మా ఊళ్లో ఆ అరుగు మీద నేర్పేవారు. మేం అది అర్థం చేసుకోలేదు. పాడటం మానేసినా వినడం మిగులుతుందనుకున్నాం.

ఎలా మానేశామో కూడా చెప్పాలి. ఎవరూ వచ్చి ఆపలేదు. సీరియల్ వేళకు ఒకరు తగ్గారు, పిల్లాడి ట్యూషన్ అని ఇంకొకరు తగ్గారు. పెద్దాయన పోయాక ఆ చోట ఎవరూ కూర్చోలేదు. హార్మోనియం బాగు చేయిద్దామని చందా వేసుకుని, ఆ చందాతో గుడికి రెండు లౌడ్‌స్పీకర్లు కొన్నాం. ఇక రోజూ పొద్దున్నే రామదాసు కీర్తనలు రికార్డులో మోగడం మొదలైంది. పాట ఎప్పుడూ మోగుతూ ఉంటే ఆగి వినాల్సిన అవసరం ఎవరికీ లేదు. పళ్లు తోముకుంటూ, బర్రెలకు కుడితి పెట్టుకుంటూ, బస్సు కోసం చూసుకుంటూ ఆ పాట కింద నుంచి నడిచి వెళ్లడం అలవాటైంది. కచేరీ పందిట్లో మేం చేస్తున్నదీ అదే. పాట మోగుతోంది, మా పని మేం చూసుకుంటున్నాం.

ఇంకో మాట దాచిపెడితే ఈ ఒప్పుకోలుకు అర్థం ఉండదు. ఆ భజన అరుగు మీదికి ఊళ్లో అందర్నీ మేం రానివ్వలేదు. మాల మాదిగ వాడల్లో అద్భుతంగా డప్పు కొట్టేవాళ్లు, గొంతెత్తి పాడేవాళ్లు ఉండేవారు. వాళ్లు రోడ్డు మీద నిలబడి వినేవారు. అరుగు మీద మనుషులు తగ్గిపోతున్నప్పుడు కూడా, రోడ్డు మీద నిలబడ్డ ఆ పిల్లల్లో ఒక్కణ్ని పైకి రమ్మని చిడతలు చేతికివ్వాలని మాకు తోచలేదు. తోచలేదనడం కూడా పూర్తి నిజం కాదు. తోచింది, ధైర్యం చేయలేదు. భద్రగిరి మీద రాముడి జాడ ముందు కనుక్కున్నది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అని స్థలపురాణం చెబుతుంటే ప్రతి ఏడూ వింటున్నవాళ్లం మేమే.

ఇప్పుడు రామదాసు పాటలు మాకు తెలిసిన వరుసలు ఎక్కడివి? చాలావరకు మంగళంపల్లి బాలమురళీకృష్ణవి. 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం నుంచి భక్తిరంజనిలో ఆ గొంతు ఇంటింటికీ వచ్చింది. ఆనందభైరవిలో ఆయన పాడిన ‘పలుకే బంగారమాయెనా’ విన్నాక రామదాసు కూడా అలాగే పాడి ఉంటాడని జనం నమ్మారు. ఆ తర్వాత 2006లో రామదాసు కథతో సినిమా వచ్చింది, కీరవాణి సంగీతంలో ఆ పాటలు మళ్లీ ప్రతి ఇంటా మోగాయి. ఇద్దరూ మాకు మేలే చేశారు. మా వంతు పని మేం చేయలేదు. పుట్టిన ఊరు కదా, మా భజన పెద్దలు పాడిన వరుసల్ని ఒక్క క్యాసెట్‌లోనైనా పట్టి ఉంచాల్సింది. ఊరికో టేప్ రికార్డర్ ఉన్న రోజులవి. పెళ్లిళ్లకు వీడియోలు తీయించుకున్నాం. ఆ అరుగు మీది పాటను ఎవరమూ రికార్డు చేయలేదు. ఆ పెద్దాయన ఒక చరణాన్ని విరిచే తీరు ఇప్పుడు నాకు సగమే గుర్తుంది, మిగతా సగం ఆయనతో పోయింది.

దాని ఫలితం పందిట్లో కనిపిస్తుంది. ఒక విద్వాంసుడు ఎంతో కష్టపడి, తనకు గురువు చెప్పిన పాత వరుసలో ఒక కీర్తన ఎత్తుకుంటాడు. వెనక నుంచి కేక వస్తుంది, సినిమాలో లాగా పాడమని. ఒకరు కేకేస్తే పదిమంది చప్పట్లు కొడతారు. ఆ కుర్రాళ్లను తప్పుపట్టి లాభం లేదు. ఒక పాటకు రెండు నడకలు ఉండొచ్చని వాళ్లకు ఎవరు చూపించారు? కోరస్‌లో నిలబడి, చరణం జార్చుకుని, పెద్దాయన చూపు తిన్న తరానికి అది తెలుసు. ఆ తరం నుంచి ఈ తరానికి దాటాల్సింది మా చేతుల మీదుగా.

చెన్నైలో డిసెంబరు నెలలో సంగీతోత్సవాలు జరుగుతాయి. 1928లో ఏర్పడ్డ మ్యూజిక్ అకాడమీలోనూ, మిగతా సభల్లోనూ తమిళ శ్రోతలు వరసగా మూడేసి గంటలు కూర్చుని వినేది ఎక్కువగా తెలుగు కృతులే. వాళ్లలో చాలామందికి భాష రాదు. చేతిలో చిన్న పుస్తకం పెట్టుకుని, మాటల అర్థం రాసుకుని వచ్చేవాళ్లుంటారు. రామదాసు కీర్తన అక్కడ కచేరీ చివర్లో వస్తుంది, వచ్చేదాకా ఆగుతారు. మాకు ప్రతి మాటా అర్థమవుతుంది. చింతాకు పతకం అంటే ఏమిటో, కలికితురాయి అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. దెబ్బలకోర్చలేక రాముణ్ని నిలదీసి, తర్వాత తప్పయిందని ఏడ్చిన మనిషి గొంతు మాకు తెలిసిన గొంతే. అప్పుల్లో మునిగిన మా రైతు దేవుణ్ని అలాగే తిడతాడు, అలాగే మొక్కుతాడు. పైగా ఆ కీర్తనలన్నిటా ఉన్న బాధ ఒక్కటే: నేను ఇంతగా మొరపెడుతుంటే వినిపించుకోవేమయ్యా అని. ఆ మనిషి చెరలో ఉండి ఎవరూ వినని చోట పాడాడు. ఆయన్ని తన ఊరికి పిలిచి మళ్లీ ఎవరూ వినని చోటే నిలబెట్టింది మేం.

పేరు పెట్టడంలో మాత్రం మాకు లోటు లేదు. ఖమ్మంలో కళాక్షేత్రానికి ఆయన పేరు. సికింద్రాబాద్‌లో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు ఆయన పేరు. పాలేరు నీళ్లను ఎత్తిపోసే పథకానికి కూడా ఆయన పేరే, 2017లో మొదలైంది, ఆ నీళ్లతో పొలాలు పచ్చబడ్డాయి, సంతోషమే. ఊళ్లో ధ్యానమందిరం ఉంది, జయంతికి పూలదండలు పడతాయి. ఇన్ని చోట్ల ఆయన పేరు రాసిన జిల్లాలో, నేలకొండపల్లి బడిలో ఒక పిల్లకు ఆయన కీర్తన తాళం తప్పకుండా నేర్పే మనిషి కావాలంటే ఎవర్ని అడగాలో మాకు తెలియదు. ఈ మాట పైవాళ్లను అడగొచ్చు, అడగాలి కూడా. కానీ మేం వాళ్లకు అర్జీలు పెట్టినప్పుడల్లా అడిగింది వేదిక, ప్రహరీ, విగ్రహం, ఆర్చి. సంగీతం మాస్టారు కావాలని రాసిన అర్జీ ఒక్కదాని మీద కూడా నేను సంతకం పెట్టలేదు, ఎవరూ నా దగ్గరికి తేలేదు, నేనూ రాయలేదు.

అడవి వైపు వెళ్లేకొద్దీ మా తప్పు ఇంకా పెరుగుతుంది. భద్రాచలం దారిలో ఏ పెద్ద కార్యక్రమం జరిగినా కొమ్ము కోయ నృత్యం వాళ్లను పిలిపిస్తారు. తల మీద కొమ్ములు, నెమలి ఈకలు, మెడలో బరువైన డోళ్లు. అతిథి కారు దిగిన చోటి నుంచి వేదిక మెట్ల దాకా వాళ్లు ఆడుతూ ముందు నడవాలి. అతిథి మెట్లెక్కగానే మైకులో, ‘‘డోళ్లు ఆపండి, సభ ప్రారంభమవుతోంది’’ అంటారు. ఎండలో చెమటలు కక్కుతున్న మనుషులు పక్కకు జరిగి చెట్టు కింద కూర్చుంటారు. వాళ్లకూ ఒక పాట ఉంది, ఆ పాటకు మొదలూ నడుమా ముగింపూ ఉన్నాయి, అది పూర్తిగా వినాలంటే ఒక పూట పడుతుంది అన్నది మాలో ఎంతమందికి తెలుసు?

మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య అనే డోలి కోయ కళాకారుడు ఉండేవారు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల వంశకథల్ని డోలి వాయిస్తూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. మా జిల్లాల్లో చాలామంది ఆ పేరు విన్నది అప్పుడే. సన్మానాలకు పిలిచాం, శాలువాలు కప్పాం, పక్కన నిలబడి ఫొటోలు దిగాం. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. ఆయన కథను ఎత్తుగడ నుంచి ముగింపు దాకా ఒక్క రాత్రయినా కూర్చుని విన్నామని చెప్పగలవాళ్లు ఈ ప్రాంతపు సాహితీ సాంస్కృతిక సంఘాల్లో ఉంటే వాళ్లకు దండం పెడతాను. నేను ఆ జాబితాలో లేను. 2022లోనే పద్మశ్రీ అందుకున్న పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య పాట సినిమాలో వచ్చినప్పుడు ఫోన్లన్నీ ఆ పాటతోనే మోగాయి. 2024 మేలో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలిపని చేసుకుంటున్నారని పత్రికల్లో వచ్చింది. ఒకరోజు బాధపడి ఆ వార్తను కూడా పదిమందికి పంపించాం.

పెద్ద నగరాల్లో కచేరీ చెడితే ఏమవుతుందో 2023 సెప్టెంబరు 10న చెన్నైలో చూశాం. ఎ.ఆర్. రెహమాన్ కచేరీకి టికెట్లు కొన్న ఎంతోమంది జనంలో ఇరుక్కుని, లోపలికి వెళ్లలేక, ఏడుస్తూ వెనక్కి వెళ్లారు. కోపం దేశమంతా వినపడింది. రెహమానే బయటికొచ్చి, రాలేకపోయినవాళ్లు టికెట్లు పంపితే చూసుకుంటామని చెప్పాల్సి వచ్చింది. ఆ శ్రోతలకు పాట కావాలి, దక్కలేదు, అడిగారు. మా పందిట్లో టికెట్ లేదు. పాట దక్కకుండా పోయిన రాత్రి మాలో ఒక్కరికీ ఏదో పోగొట్టుకున్నామన్న బాధ కలగదు. పాట ఏదని అడిగినవాళ్లు లేరు. అన్నం ఆలస్యమైతే అడుగుతాం, కుర్చీ లేకపోతే అడుగుతాం, మన పేరు చదవకపోతే తప్పకుండా అడుగుతాం.

మేం పూర్తిగా చెవులు పోగొట్టుకున్నవాళ్లం కూడా కాదు. భద్రాచలంలో వాగ్గేయకారోత్సవాల్లో రామదాసు నవరత్న కీర్తనల్ని గోష్ఠిగా పాడతారు. నేదునూరి కృష్ణమూర్తి గారు ఆ పాటల కోసం ఎంతో శ్రమపడ్డారు. వేదిక మీద విద్వాంసులు పాడుతుంటే కింద కూర్చున్నవాళ్లు కూడా గొంతు కలుపుతారు. పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ పుస్తకం లేకుండా తొమ్మిదీ పాడటం చూశాను. ఒకచోట వేదిక మీది వాళ్లు చిన్న సంగతి మార్చారు. ఆమె పాడటం ఆపి, తల వంచి విని, రెండోసారికి ఆ సంగతిని కూడా అందుకుంది. ఆ పందిట్లో కరెంటు ఒకసారి పోయి వచ్చింది, ఫ్యాన్లు ఆగిపోయాయి, కుర్చీలు చాల్లేదు. అయినా ఎవరూ కదల్లేదు. పాడుతున్నవాళ్లు కదలరు.

అది చూసి వచ్చాక మా ఊళ్లో ఒక మాట అన్నాను. ముఖ్య అతిథి ఎప్పుడొచ్చినా సరే, పాట పత్రికలో వేసిన వేళకే మొదలుపెడదాం, ఉపన్యాసాలు తర్వాత పెట్టుకుందాం, మొదటి కీర్తన అందరం కలిసి పాడదాం అని. ఎవరూ కాదనలేదు. మంచిమాట అన్నారు. అలా మొదలుపెడితే ఎవరికి కోపం వస్తుందో, ఎవరి చందా ఆగుతుందో లెక్కలు వేసుకున్నాం. ఆ లెక్కలో నేనూ ఒక పేరు చెప్పాను. కిందటిసారి పత్రిక అచ్చుకు వెళ్లేముందు నమూనా కాగితం మా చేతుల్లో చేయి మారింది. జ్యోతి ప్రజ్వలన, స్వాగతం, అధ్యక్షోపన్యాసం, అతిథుల ప్రసంగాలు, సన్మానాలు, ఆ కింద ‘సభానంతరం సంగీత కచేరీ’ అని ఉంది. అచ్చుతప్పులు దిద్దాం. ఒక దాత ఇంటిపేరులో దీర్ఘం సరిచేశాం. ఆ చివరి వరుసను పైకి తెచ్చే బాణం గుర్తు ఎవరమూ పెట్టలేదు.